దయచేసి ఊపిరి తగ్గించండి

మా మండలంలో అందరికంటే ఆరోగ్యంగా ఉన్నది ఒక భవనం. దానికి జలుబు లేదు, జ్వరం లేదు, ఒంటివేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటదు. రోహిణీకార్తెలో మేమంతా తడిగుడ్డలు నెత్తిన వేసుకుని తిరుగుతుంటే అది గాజు తలుపుల వెనక చల్లగా, పొడిగా, హాయిగా ఉంటుంది. దాన్ని కట్టించింది ఊరి జనం తుఫానులో తలదాచుకోవడానికని మీకెవరైనా చెబితే, ఆ చెప్పినవాడికి ప్రభుత్వ నిర్మాణాల గురించి బొత్తిగా అవగాహన లేదని గ్రహించండి.

నేను దిబ్బలరేవు పంచాయతీ కార్యదర్శిని. సముద్రాన్ని ఆనుకుని ఉన్న చేపలవాళ్ళ ఊరు మాది. తుఫాను వచ్చినప్పుడల్లా ఊళ్ళో సగం ఇళ్ళు ఇసుకలో కలిసిపోయేవి. జనం పాతబడిన ఐసు ఫ్యాక్టరీలోకి పరిగెత్తి, కురిసే కప్పు కింద ఒకరి మీద ఒకరు పడి ప్రాణాలు కాపాడుకునేవారు. ఇది అశాస్త్రీయమని వాతావరణ సహన నిర్మాణాల సంస్థ గుర్తించింది. ఆ సంస్థ డైరెక్టరు డాక్టర్ జగదీశ్వర పాణిగ్రాహి గారు స్వయంగా దయచేసి, ఐసు ఫ్యాక్టరీని కూలగొట్టించి, స్మార్ట్ తుఫాను ఆశ్రయానికి స్థలం చూశారు.

ఊళ్ళో ఎత్తయిన దిబ్బ ఒక్కటే. దాని మీద గనగళ్ళ ఎర్రమ్మ ఇల్లుంది. ఎర్రమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల సంతలన్నీ చుట్టబెట్టే మనిషి. మొగుడు దానయ్య ఒకప్పుడు తెప్ప మీద వేటకెళ్ళేవాడు. ఇప్పుడు ఆయాసం ముదిరి, నాలుగడుగులు వేస్తే కూలబడతాడు. ఆ దిబ్బ మీద గాలి బాగా ఆడుతుంది కాబట్టే అతను బతికి ఉన్నాడని ఎర్రమ్మ నమ్మకం.

"తల్లీ, మీరొక గృహాన్ని త్యాగం చేసి ఒక జీవావరణ వ్యవస్థను పొందుతున్నారు," అన్నారు డైరెక్టరు గారు. "తుఫాను సమయంలో ప్రథమ ప్రవేశార్హత మీదే."

"అంటే ఏటి బావూ? తుపానొస్తే నన్నూ మా ఆయన్నీ ముందుగాల లోపలికి రానిత్తారా?"

"అక్షరాలా."

"మరి తుపాను లేనప్పుడు ఎక్కడుండాల?"

"అది ఈ పథకం పరిధిలోకి రాదు."

ఎర్రమ్మ దానయ్య మొహంలోకి చూసింది. కిందటి తుఫానులో అతన్ని ఐసు ఫ్యాక్టరీకి మోసుకెళ్ళేసరికి ఊపిరి అందక కళ్ళు తేలేశాడు. ఇంకో తుఫానుకు అంతదూరం మోసుకెళ్ళాల్సిన పని లేకుండా పోతుందని ఆమె వేలిముద్ర వేసింది. ఇల్లు పడగొట్టారు. దిబ్బ కింద, భవనానికని ముందే కట్టిన ప్రహరీ గోడకు టార్పాలిన్ కట్టుకుని ఇద్దరూ అక్కడ చేరారు.

భవనం లేచింది. దాని గోడల నిండా యంత్రపు ముక్కులూ చెవులూ. గాలిలో తేమెంత, వేడెంత, దుమ్మెంత, మనుషులు వదిలే చెడ్డగాలి ఎంత, చప్పుడెంత అన్నీ అవి పసిగడతాయి. వెనక గదిలో బీరువా అంత పెట్టెలో దాని మెదడుంది. ముక్కులు పసిగట్టినదంతా ఆ మెదడు లెక్కకట్టి, కిటికీలూ పంకాలూ తలుపులూ తానే నడుపుకుంటుంది. మనం చెయ్యవలసిందల్లా దానికి అడ్డు రాకుండా ఉండటం.

మెదడుకు పని అప్పజెప్పే ముందు కొన్నాళ్ళు నేర్చుకోనివ్వాలని ఇంజనీరు హేమలత గారు చెప్పారు. భవనం మామూలుగా ఎలా ఉంటుందో అది గమనిస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది. ఆ మామూలుకు తేడా వస్తే సరిచేస్తుంది. అందుకని ఊళ్ళో జనాన్ని రోజూ కొంతసేపు లోపల కూర్చోబెట్టమని ఆవిడ కోరారు.

సరిగ్గా అప్పుడే మూఢం వచ్చింది. మూఢంలో ప్రారంభోత్సవం పనికిరాదు. మూఢం వెళ్ళగానే ఆషాఢం. ఆషాఢం వెళ్ళాక మంత్రిగారి తేదీలు దొరకలేదు. ప్రారంభోత్సవం కాని ప్రభుత్వ భవనంలో జనాన్ని కూర్చోబెట్టడం మర్యాద కాదని డైరెక్టరు గారు కాగితం పెట్టారు. అలాగని మెదడును ఆపి ఉంచడానికీ వీల్లేదు. నిర్మాణం పూర్తయిన మర్నాడే దాన్ని నడపాలని టెండరు నిబంధన. కాబట్టి తాళం వేసిన భవనంలో మెదడు శ్రద్ధగా నేర్చుకుంది. లోపల చప్పుడు లేదు, చెమట లేదు, ఊపిరి లేదు. గోడ మీద ఒక బల్లి మాత్రం తిరిగేది. ఆ బల్లి వివరాలు అధికృత నివాసి కింద నమోదయ్యాయి.

ప్రారంభోత్సవం రోజున మంత్రిగారు రిబ్బను కత్తిరించి లోపల అడుగుపెట్టారు. వెంట పార్టీవాళ్ళు, మేళం, పురోహితుడు, కర్పూర హారతి. గుమ్మడికాయ మీద కర్పూరం వెలగగానే పైకప్పులోంచి ఒక ఆడగొంతు, వార్తలు చదివినట్టు చక్కగా పలికింది.

"లోపల జీవసంబంధమైన అవాంతరం గుర్తించబడింది. అవాంతరం దయచేసి బయటకు వెళ్ళగలదు."

మేళం ఆగిపోయింది. వెంటనే కప్పులోంచి నీళ్ళు చిమ్మాయి. పంకాలు ఎదురు తిరిగి పెద్ద గాలి కొట్టాయి. మంత్రిగారి కండువా గుమ్మంలోంచి ఎగిరిపోయింది. దాని వెనక మంత్రిగారు, వారి వెనక అందరూ బయటపడ్డారు. తలుపులు మూసుకున్నాయి. లోపల బల్లి, గుమ్మడికాయ మిగిలాయి.

ఉద్యోగం పోయిందనుకున్నాను. డైరెక్టరు గారు మాత్రం తడిసిన మొహం తుడుచుకుని చప్పట్లు కొట్టారు.

"చూశారా సర్! ఎంత అప్రమత్తత! ఎవరన్నది చూడకుండా, స్థాయీభేదం లేకుండా, తన ఆరోగ్యాన్ని తానే పరిరక్షించుకుంది!"

మంత్రిగారు ఒక క్షణం ఆలోచించారు. కెమెరాలు చూస్తున్నాయి. ఆయనా చప్పట్లు కొట్టి, "ఇలాంటి సంపదను జనం పాడు చెయ్యకుండా చూసుకోండి," అని కారెక్కారు. ఆ మాట మర్నాటికల్లా ఉత్తర్వుగా నా బల్ల మీదకు వచ్చింది. భవనపు ఆరోగ్య ప్రమాణాలకు భంగం కలిగించే సజీవ వనరులను లోనికి అనుమతించరాదు. సజీవ వనరులంటే మనుషులని కింద వివరణ ఇచ్చారు.

తర్వాత సమీక్షా సమావేశం జరిగింది. హేమలత గారు నిలబడి, "సర్, ఖాళీగా ఉండటమే మామూలని అది నేర్చుకుంది. మళ్ళీ నేర్పాలి. లోపల మనుషుల్ని ఉంచాలి," అన్నారు.

"ఉంచుదాం," అన్నారు డైరెక్టరు గారు ఉదారంగా. "మనుషులను భవనం అంగీకరించిన వెంటనే ఉంచుదాం."

"మనుషుల్ని ఉంచితేనే కదా సర్ అంగీకరించడం నేర్చుకుంటుంది?"

"అమ్మా, క్రమాన్ని గౌరవించండి. ముందు అంగీకారం, ఆ తర్వాత ప్రవేశం. ఇక్కడొక మౌలిక విషయం మీరు విస్మరిస్తున్నారు. మన భవనానికి ఆరోగ్యంలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. ఏ మనిషికైనా వచ్చాయా?"

నిజమే, మా ఊళ్ళో ఎవరికీ రాలేదు. హేమలత గారు కూర్చున్నారు. ఆవిణ్ణి ఆ వారమే వేరే జిల్లాకు పంపించారు.

ఆశ్రయం అన్నాక ముందస్తు కసరత్తు ఒకటి చెయ్యాలి. చేశాం. సైరన్ మోగగానే ఊరు ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని దిబ్బెక్కి, గాజు తలుపు దాకా వచ్చి, అక్కడ ఆగి, వరుసలో దిగిపోయింది. తరలింపు ప్రక్రియ సంపూర్ణ విజయమని డైరెక్టరు గారు ఫొటోలు తీయించారు. దానయ్యను ఎర్రమ్మా, మరో ఇద్దరూ మోసుకొచ్చారు. అతను మెట్టు మీద కూర్చుని, గాజు మీద మొహం ఆనించి, లోపల తిరుగుతున్న చల్లగాలిని చూస్తూ దగ్గాడు. గాజు మీద ఆవిరి పట్టింది.

"బయటి నుండి తేమ దాడి గుర్తించబడింది," అంది భవనం.

ఎర్రమ్మ నా వైపు తిరిగింది. "సెక్రట్రీ బావూ, తలుపు కాడికొచ్చి సూసీసి ఎనక్కెల్లిపోడానికి ఇదేటి, దర్సనమేటి? గుళ్ళో దేవుడైనా ఇంత తీర్తం పోత్తాడు."

"నిబంధనలమ్మా," అన్నాను.

"నా ఇల్లు పీకీసినప్పుడు ఈ నిబందనెక్కడుండీది?"

దానికి జవాబు మా పైవాళ్ళ దగ్గర ఉందేమో, నాకు పంపలేదు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. పొద్దున్నే రెండు ఉత్తర్వులు అందాయి. తీరంలోని ప్రతి ఒక్కరినీ స్మార్ట్ ఆశ్రయానికి తరలించవలెనని ఒకటి. స్మార్ట్ ఆశ్రయంలోకి ఎవరినీ అనుమతించరాదన్న పాత ఆదేశం యథాతథంగా అమలులో ఉన్నదని రెండోది. రెంటి కిందా ఒకే సంతకం. రెండింటినీ నిష్ఠగా అమలు జరిపాను. ఊరందరినీ దిబ్బ మీదకు తరలించాను, లోపలికి ఎవరినీ అనుమతించలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి గాలి ముదిరింది. కిందనున్న పాకల కప్పులు ఒక్కొక్కటీ లేచిపోతున్నాయి. ఎర్రమ్మ టార్పాలిన్ మా నెత్తి మీదుగానే ఎగిరి, మళ్ళీ కనిపించలేదు. సముద్రం ప్రహరీ గోడ దాటింది. ఐసు ఫ్యాక్టరీ లేదు. దిబ్బ వెనక ఉప్పుటేరు పొంగి రోడ్డు మునిగింది. పోవడానికి ఇంకో చోటు లేదు. వానకు అడ్డంగా చీరలు పట్టుకుని, తడిసి ముద్దయిన పిల్లల్ని మధ్యలో పెట్టుకుని జనం గాజు తలుపును ఆనుకుని నిలబడ్డారు. లోపల దీపాలు వెలుగుతున్నాయి. నేల పొడిగా మెరుస్తోంది.

రాజధానిలో కంట్రోల్ రూము ఉంది. ఫోను చేశాను. డైరెక్టరు గారే ఎత్తారు. గొంతులో పండగ వినిపించింది.

"చూస్తున్నానయ్యా, తెర మీద చూస్తున్నాను! బయట అంత బీభత్సం, లోపల ఇరవై నాలుగు డిగ్రీలు! తేమ ఒక్క చుక్క పెరగలేదు! ఇదయ్యా సహనశీలత అంటే!"

"సర్, జనం బయట ఉన్నారు. తలుపు తెరిపించండి."

"ఇప్పుడా? బయటి గాలి నాణ్యత ఎలా ఉందో తెలుసా? ఈ గాలిలో తలుపు తెరవడం భవనానికి శ్రేయస్కరం కాదు. తుఫానులో బిగించుకోవడం దాని ప్రధాన సుగుణం."

"దానయ్యకి ఊపిరి అందడం లేదు సర్. పెదాలు నీలమైపోయాయి."

"అలాంటివారు బయటి గాలిలోనే ఉండటం మంచిది," అన్నారు డైరెక్టరు గారు. లైను తెగిపోయింది.

దానయ్య ఎర్రమ్మ ఒళ్ళో ఉన్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది గాని లోపలికి ఏమీ పోవడం లేదు. నాకు భయం వేసింది. భయం కంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ సర్వీసులో పైవాళ్ళ మాట విని నాకు ఒళ్ళు మండటం అదే మొదలు.

మగవాళ్ళు భుజాలతో తలుపును గుద్దారు. రాళ్ళు వేశారు. అది చెక్కుచెదరలేదు. మహా తుఫాను వచ్చి తోసినా నిలబడేలా కట్టిన తలుపది. రాళ్ళు తగిలినప్పుడల్లా భవనం, "శుభ్రత పాటించండి," అంది.

ఎర్రమ్మ లేచింది. దానయ్యను పక్కావిడ ఒడిలో పెట్టింది. "ఒరే, తొయ్యడం మానండ్రా!" అని అరిచింది. "తొయ్యడం మనకేటొచ్చు? మన పుట్టుక్కి మనం ఏటి సేసినాం? లాగినాం! అలివి వల తాడు తెండి!"

అలివి వల అంటే ఊరంతా కలిసి ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. దాని తాడు మనిషి మణికట్టంత మందం. వాన మొదలవగానే వలల్ని దిబ్బ మీదకు చేర్చుకున్నారు, తాడు అక్కడే ఉంది. ఒకతను పడవ లంగరు తెచ్చి తలుపు పిడికి తగిలించాడు. తాడు ముడేశారు. ఊరంతా, ఆడా మగా, వరుసగా తాడు పట్టుకుని కాళ్ళు ఇసుకలో దిగేశారు. మునసబు కోడలు, పంతులమ్మ, పెళ్ళి కుదిరిన పిల్ల, అందరూ ఉన్నారు. ప్రభుత్వ ఆస్తికి ఏ మేరకు నష్టం జరుగుతుందో దగ్గరుండి పర్యవేక్షించడం నా బాధ్యత. దగ్గరుండటానికి తాడు పట్టుకోవడం కంటే మంచి మార్గం కనిపించలేదు.

"హైలెస్సా!" అంది ఎర్రమ్మ.

"హైలెస్సా!" అంది ఊరు.

తోసే గాలిని తట్టుకోవడానికి ఆ తలుపు వెనక ఇనుప దిమ్మలున్నాయి. ఇవతలికి లాగే జనం ఉంటారని మాత్రం ఎవరూ ఊహించలేదు. ఐదో లాగుకు చట్రం కిర్రుమంది. ఇంకొన్ని లాగులకు తలుపు చట్రంతో సహా ఊడి మా వైపు వచ్చింది. మేమంతా వెల్లకిలా పడ్డాం. లేచి లోపలికి పరిగెత్తాం. ఎర్రమ్మ మొగుణ్ణి భుజాన వేసుకుని అందరికంటే ముందు లోపల అడుగుపెట్టింది. ఆ ప్రథమ ప్రవేశార్హత ఆమెకు ప్రభుత్వం ఇచ్చిందే.

మగవాళ్ళు ఊడిన తలుపును గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి, తాడుతో స్తంభాలకు కట్టేశారు. భవనం గోల మొదలెట్టింది.

"లోపల తీవ్రమైన జీవసంబంధ అవాంతరం! దయచేసి ఊపిరి తగ్గించండి! దయచేసి ఊపిరి తగ్గించండి!"

చెడ్డగాలి పెరిగిందని పంకాలన్నీ ఒక్కసారి పూర్తి వేగంతో తిరిగాయి. వడగట్టిన గాలి హాలంతా పరుచుకుంది. దానయ్యను సరిగ్గా గాలి వచ్చే జాలీ కింద పడుకోబెట్టారు. కాసేపటికి అతని ఛాతీ నెమ్మదించింది. పెదాలకు రంగు వచ్చింది. కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, దగ్గాడు. ఎర్రమ్మ ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, అవి వాన నీళ్ళని ఎవరూ అడగకుండానే పక్కవాళ్ళకి చెప్పాను.

నిజం చెప్పాలి. ఆ భవనం మంచిది. బయట సముద్రం మెట్ల దాకా వచ్చి గోడల్ని బాదుతుంటే అది కదల్లేదు. రెండ్రోజులు ఊరంతా అందులో వంట వండుకుని, పిల్లల్ని జోకొట్టుకుని, పేకాడుకుని, తిట్టుకుని బతికింది. ఒక్క ప్రాణం పోలేదు. మొదటి సాయంత్రం దాకా ఊపిరి తగ్గించమని భవనం వేడుకుంటూనే ఉంది. తర్వాత గొంతు తగ్గింది. మర్నాటికి ఏమీ అనలేదు.

తుఫాను వెళ్ళాక నివేదిక వెళ్ళింది. ఆపద సమయంలో భవనం తన తలుపును తానే వెలుపలికి విసర్జించి ప్రజలను అక్కున చేర్చుకున్నదని డైరెక్టరు గారు రాశారు. తలుపు మళ్ళీ బిగించారు. జనాన్ని పంపేశారు. దిబ్బ కింద టార్పాలిన్ కూడా మిగలని ఎర్రమ్మ, మొగుణ్ణి తీసుకుని ఎవరి పంచనో చేరింది. భవనం తిరిగి తన ఆరోగ్యంతో ఏకాంతంగా మిగిలింది.

ఆ సాయంత్రమే అది కేకలు పెట్టింది.

"లోపల అసాధారణమైన నిశ్శబ్దం గుర్తించబడింది. దయచేసి ఎవరైనా దగ్గండి."

కిటికీలు టపటపా కొట్టుకున్నాయి. పంకాలు ఆగుతూ తిరుగుతూ నానా యాగీ చేశాయి. రాజధానిలో ఎర్రదీపాలు వెలిగాయి. ఒక్క వారంలో ఐదు నక్షత్రాలు మూడయ్యాయి. వేరే దారి లేక హేమలత గారిని పిలిపించారు. ఆవిడ పెట్టె తెరిచి చూసి నవ్వారు.

"మొదట్లో నేర్చుకోవడానికి దానికి లోపల ఏమీ లేదు సర్. ఈసారి రెండ్రోజుల్లో ఊరంతటినీ విన్నది. ఇప్పుడు దానికి మనుషులే మామూలు. మరీ ముఖ్యంగా జాలీ కింద దగ్గిన పెద్దాయన. ఆ దగ్గు వినిపించకపోతే తనకేదో జబ్బు చేసిందనుకుంటోంది."

నక్షత్రాలు పోతుంటే చూస్తూ ఊరుకునే సంస్థ కాదు మాది. ఆ తర్వాత మూడో రోజుకల్లా ఉత్తర్వు వచ్చింది. శ్రీ గనగళ్ళ దానయ్యను భవనపు ప్రామాణిక శ్వాస వనరుగానూ, శ్రీమతి ఎర్రమ్మను సదరు వనరు నిర్వాహకురాలిగానూ గుర్తించడమైనది. ఉభయులూ సదా భవనంలోనే నివసించవలెను. వారి రాకపోకల నిమిత్తం తలుపుకు లోపల చేత్తో తీసే గడియ అమర్చవలెను. వంట పొగ, చేపల వాసన, మాటల చప్పుడు తగ్గకుండా కార్యదర్శి చూచుకొనవలెను. ప్రతి పూటా వెళ్ళి చూసుకుంటున్నాను. చేపల పులుసు బాగా కుదురుతుంది.

నక్షత్రాలు ఐదూ తిరిగొచ్చాయి. దాంతో అవార్డు సంఘం పరిశీలనకు వస్తామంది. డైరెక్టరు గారు వాళ్ళను వెంటబెట్టుకుని, సూటూ బూటూ వేసుకుని దిబ్బెక్కారు. సరిగ్గా మెట్ల దగ్గరికి వచ్చేసరికి వాన అందుకుంది.

"అపరిచిత శ్వాస గుర్తించబడింది," అంది భవనం. తలుపు కదల్లేదు.

డైరెక్టరు గారు గుర్తింపు కార్డు గాజుకు ఆనించి చూపించారు. తన పేరు చెప్పారు. హోదా చెప్పారు. ఆ భవనానికి ఊపిరి పోసింది తానేనన్నారు. వాన పెరిగింది. అవార్డు సంఘం వారు ఫైళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. నేను లోపల పులుసు గిన్నె ముందు కూర్చుని ఉన్నాను. లేవబోయి, లేవడానికి నాకు ఏ ఉత్తర్వూ లేదని గుర్తొచ్చి కూర్చున్నాను. దానయ్య దగ్గుతూ, "ఎవులే?" అన్నాడు.

ఎర్రమ్మ చేతులు కడుక్కుని వెళ్ళి గాజు ఇవతల నిలబడింది. సరిగ్గా దానయ్య అప్పట్లో మొహం ఆనించి కూర్చున్న చోట డైరెక్టరు గారు నిలబడి ఉన్నారు. ఆయన ఊపిరికి గాజు మీద ఆవిరి పడుతోంది.

"అమ్మా, తలుపు తియ్యండి," అన్నారాయన. "నేను పై నుంచి అనుమతి తెప్పిస్తాను. ఐదు నిమిషాలు. ఫోను కలుస్తోంది."

ఎర్రమ్మ లోపలి గడియ తీసి తలుపు తెరిచింది.

"రండి బావూ, తడిసిపోతన్నారు. మనిసి వానలో నిలబడితే తలుపు తియ్యడానికి అనుమతేటి?"